పెంచలరెడ్డి కాపలా

మూడోసారి కూడా పెంచలరెడ్డి ఆస్పత్రి గేటు దాకా వచ్చేశాడు. ఒంటి మీద రెండు చొక్కాలు, ఒక కాలికే చెప్పు.

నర్సు రత్నమణి పరుగెత్తి చెయ్యి పట్టుకుంది.

"యాడికి రెడ్డీ?"

"పులివెందలకు. మీటింగుంది. జీపు రాలా, బస్సుకు పోతా."

"మీకు మతిమరుపు జబ్బు! పొద్దున్నుంచి ఏడుసార్లు చెప్పినా."

"మతిమరుపా? నాకా? ఆ మాట చెప్పమని నీకు నేర్పింది ఎవురు?"

రత్నమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. జమ్మలమడుగు ఊరి చివర ఈ ఆస్పత్రిలో ఆమెది ఇరవయ్యేళ్ల సర్వీసు. వారెంటు రాగానే గుండె పట్టుకుని మంచమెక్కే నాయకులు ఆమెకు కొట్టిన పిండి. లేని రోగం నటించేవాళ్లనే చూసింది గాని, ఉన్న రోగం లేదని బుకాయించేవాణ్ణి చూడటం ఇదే మొదలు. తన బలహీనత బయటపడితే ఉన్న పరువు కూడా పోతుందని ఈ ముసలి ఫ్యాక్షన్ నాయకుడు మొండికేస్తున్నాడు, అంతే! కేసు షీటులో 'సహకరించడం లేదు' అని రాసేసింది.

"ఆయన దాచడం లేదమ్మా. జబ్బుందని తెలియకపోవడం కూడా ఆ జబ్బే" అన్నాడు డాక్టర్ శుభాకర్. చెప్పడానికేం! గేటు దగ్గర పెనుగులాడేది ఆయన కాదుగా.

గేటు బయట టీ అంగడిలో ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఇద్దరు మూడు రోజులుగా కాచుకుని ఉన్నారు. పంచాయతీ ఎన్నికలకు ఇంకా పది రోజులు; అవి అయ్యేదాకా రెడ్డికి ప్రాణగండమే. పాత కక్ష. మతిమరుపు వచ్చింది రెడ్డికి గాని, పగవాళ్లకు కాదు. ఆయన మనుషులంతా అవతలి పార్టీలో చేరి ఏడాదైంది. గేటు దాటాడంటే తిరిగి వచ్చేది శవమే.

వార్డు మనిషి అమీర్ బాషా సాయం పట్టాడు. ఇద్దరూ కలిసి రెడ్డిని మంచం దాకా తెచ్చారు.

"అంతా నాటకమక్కా! ఎప్పుడో జరిగిన కొట్లాటలన్నీ గుర్తుండాయి. మాత్ర మింగింది మాత్రం గుర్తుండదంట!" అన్నాడు బాషా.

పక్క మంచం మీద రిటైరైన పంతులు ఆనందయ్య. ఆయనదీ అదే జబ్బు.

"బడి గంట కొట్టినారామ్మా?"

"లేదు సార్! ఎన్నిసార్లు చెప్పల్ల?" రత్నమణి అరిచేసింది.

రెడ్డి ఆమెను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "పాపా, ఆయప్ప మింద అరవాకు. పాపం, మతి పోయింది. పోయిందని గూడా ఆయప్పకు తెలీదు. నువ్వు చెప్తే మాత్రం నమ్ముతాడా?"

రత్నమణి ఆయన కళ్లలోకి చూసింది. నటించేవాళ్ల కళ్లు ఎదుటివాళ్లు నమ్మారో లేదో అని ఓరగా చూస్తాయి. ఈ కళ్లలో ఆనందయ్య మీద జాలి తప్ప ఇంకేమీ లేదు. ఒంటి మీద రెండు చొక్కాలు అలాగే ఉన్నాయి.

ఆమె కూడా గొంతు తగ్గించింది.

"నిజమే రెడ్డీ. గేటు దాటి పోతాడేమో అని నాకు శానా భయంగా ఉండాది. ఒక మనిషి కాపలా కావల్ల."

రెడ్డి నిటారుగా లేచాడు. "నేను లేనా? ఎట్ల దాటతాడో చూస్తా!" కుర్చీ లాక్కుని, వీపు గోడకు ఆనించి, వాకిలికి ఎదురుగా కూర్చున్నాడు.

రత్నమణి కేసు షీటు తీసి పాత మాట కొట్టేసింది. 'తనకు జబ్బుందని తెలియదు' అని రాసింది. సిరా ఆరకముందే మళ్లీ పిలుపు.

"పాపా, పులివెందల బస్సు ఎన్నింటికి?"

దేవా, ఇంకా పది రోజులా! ఆమె తల పట్టుకుంది. జబ్బు మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"మీరు పోతే ఈయనకు కాపలా ఎవురు రెడ్డీ?"

"ఔ గదా!" అంటూ రెడ్డి మళ్లీ కూర్చున్నాడు.