ఖాజా పీర్ కట్టిన ముడి

ఎర్రిస్వామితో పెట్టుకుంటే అంతే సంగతులు. గార్లదిన్నె చుట్టుపక్కల యాడ పెండ్లి జరిగినా షామియానా ఆయనదే, మైక్‌సెట్టూ ఆయనదే. టీ అంగడి కాడ ఆయన ఒక మాట అన్నాడంటే పొద్దుగూకే లోపల మండలమంతా తెలిసిపోతాది. అట్లాంటి మనిషి పెండ్లిండ్లలో పాటలు వేసేదానికి కంప్యూటర్ బిగించమని, ఆ పని కొత్తగా నేర్చుకునిన సిమ్రాన్‌కి చెప్పినాడు. ఆ పిల్లకి అదే మొదటి పని. కుదిరిందా, ఇంకో పది మంది వస్తారు. చెడిందా, "ఆడపిల్ల బిగిస్తే ఇట్లే ఉంటాది" అనే మాట ఊరూరా తిరుగుతాది. అప్పుడు దాన్ని పట్టి ఆపేదెవురు?

ఎర్రిస్వామి అడిగింది ఒకటే. "పాపా, పాటల వైరు నేను దినానికి పది తూర్లు పెరుకుతా, పది తూర్లు గుచ్చుతా. డబ్బా ఎనక్కి వంగల్లంటే నా నడుము ఒప్పుకోదు. ముందర పక్క రంధ్రంలోనే పాట రావల్ల. రాలేదా, డబ్బా నువ్వే ఎత్తుకోని పో."

"వస్తాది మామా. రాకుండా యాడికి పోతాది?" అనింది సిమ్రాన్. 

వాళ్ల నాయన ఖాజా పీర్ బోరు మోటార్లు చుట్టే మేస్త్రి. ఈ నేలలో బోర్లు ఎండుతానే ఉండాయి, మోటార్లు కాలుతానే ఉండాయి, ఖాజా పీర్ పని మాత్రం ముప్పై ఏండ్లుగా ఎండలేదు. ఆ అంగట్లోనే ఒక మూల బల్ల వేసుకోని సిమ్రాన్ కంప్యూటర్ బిగించింది. అన్నీ అయినాక, ముందర రంధ్రాల కాడ్నుంచి వచ్చే సన్న వైరును లోపలి బోర్డులో ఆ చివర మూలకు తీసుకుపోయి, ఆడుండే పిన్నుల మీద కుదురుగా కూర్చోబెట్టింది. ముందర గుచ్చి పాట పెట్టి చూస్తే గణగణా పలికింది.

ఖాజా పీర్ మురిసిపోయినాడు. అయితే లోపల వైర్లన్నీ వదులుగా వేలాడతాండేది చూసి ఆయనకు మనసు ఒప్పలేదు. మోటార్లో తీగె వదులుగా ఉండిందంటే రాపిడికి కాలి చస్తాది. అందుకే చుట్టినాక నూలు దారంతో లాగి లాగి కట్టి, పైన వార్నిష్ పూస్తారు. బిడ్డ అన్నం తినేదానికి లేచిపోంగానే దారం ఉండ తీసినాడు. వైర్లన్నీ ఒక్కటిగా చేర్చి, జడ అల్లినట్ల బిర్రుగా కట్టేసినాడు. వార్నిష్ గూడా రెండు చుక్కలు అంటించినాడు మహానుభావుడు!

సిమ్రాన్ వచ్చి చూసి గతుక్కుమనింది. నాయన చేతులు తుడుచుకుంటా, మెచ్చుకుంటాదేమోనని నిలబడినాడు. ఆ మొగం చూసి ఆ పిల్లకు నోరు రాలేదు. "బాగుండాది నాయనా" అనేసి మూత బిగించింది. మళ్లా పాట పెట్టి చూడనేలేదు.

మర్సనాడు పొద్దున నాయనా బిడ్డా డబ్బాను ఆటోలో పెట్టుకోని, గుంతలన్నీ లెక్కపెట్టుకుంటా ఎర్రిస్వామి ఇంటికి పోయినారు. ఆయన పెండ్లాం రామాంజినమ్మ డబ్బాకు కుంకుమ పెట్టి ఊదుబత్తి ముట్టించింది. పాట వినేదానికి వీధిలో పది మంది చేరినారు. ఎర్రిస్వామి ముందర రంధ్రంలో వైరు గుచ్చినాడు. పాట లేదు, పలుకు లేదు.

"అప్పుడే గొంతు పోయిందా దీనికి?" అనింది రామాంజినమ్మ.

సిమ్రాన్ గబగబా వైరు పెరికింది. ఎనక పక్క గుచ్చి చూస్తే వీధి అదిరేటట్ల పాట వచ్చింది.

"ఎనకాల పాడితే నాకేం లాభం? ముందర పాడమను!" అన్నాడు ఎర్రిస్వామి.

పక్క మూత ఊడదీసింది. సంగతి చూస్తూనే తెలిసిపాయ. బిర్రుగా ఉండే వైరు ఆటో కుదుపులకు లాక్కోని, పిన్నుల మీద్నుంచి సగం పైకి లేచొచ్చింది. తిరిగి నొక్కింది, నిలబడలేదు. ఇంకోసారి నొక్కింది, మళ్లా లేచొచ్చింది.

"ఈడ దగ్గర్లోనే ఇంకో పిన్నుల వరస ఖాళీగా ఉండాది కదమ్మీ, దాంట్లో గుచ్చు" అని వేలు చూపించినాడు ఎర్రిస్వామి.

"వద్దు మామా! చూసేదానికి అక్కచెల్లెండ్ల మాదిరి ఉంటాయి గానీ దాంట్లో కరెంటు వస్తాది. తోసినామంటే బోర్డు కాలిపోతాది."

దారం కోస్తే సరిపోతాది. అయితే ఇంతమంది ముందర నాయన ముడి కోసేదెట్లా? తల వంచుకోని, "తప్పు నాదే మామా, నేను సరిగా కూర్చోబెట్టలేదు" అనింది.

ఖాజా పీర్ వంగి లోపలికి చూసినాడు. ఆయన కండ్లకు ఒకరు చెప్పల్లనా? మొగం వాడిపోయింది. జేబులోనుంచి బ్లేడు తీసి, తన ముడి తానే కోసినాడు. "ఇప్పుడు పెట్టు పాపా" అన్నాడు.

సిమ్రాన్ వైరును కొంచెం వదులుగా ఇడిచి, పిన్నుల మీద నొక్కి పెట్టింది. ముందర రంధ్రంలోనుంచి పాట ఒక్కసారిగా ఎగిసొచ్చింది. పిల్లోళ్లు కేకలు వేసినారు.

"పోనీలే, పాప ఏదో పొరపాటు చేసింది, సరిచేసుకునింది" అన్నాడు ఎర్రిస్వామి పెద్దమనిషి మాదిరి.

"పాట ఆపన్నా!" అన్నాడు ఖాజా పీర్. ఎర్రిస్వామి బిత్తరపోయి ఆపినాడు. "నా బిడ్డ అబద్ధం చెప్పింది. అది పెట్టింది సక్కంగానే పెట్టింది. నేనే అంతా తెలిసినోని మాదిరి లాగి కట్టినా. నువ్వు ఊర్లో చెప్పేదుంటే ఇది చెప్పు. పనంతా దానిది, తప్పు నాది."

రామాంజినమ్మ ముక్కున వేలేసుకునింది. "ఇంతమందిలో తప్పు ఒప్పుకునే మగోణ్ని ఈ ఊర్లో ఇదే మొదటిసారి చూసేది" అని మొగుని పక్క తిరిగి చూసింది. అందరూ నగినారు. ఎర్రిస్వామి గూడా నగక తప్పలేదు.

"పాపా, విడపనకల్లులో మా బామ్మర్దికీ మైక్‌సెట్టు ఉండాది. వానికి గూడా ఒకటి బిగించు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సిమ్రాన్ కండ్లు తుడుచుకునింది. "అందరి ముందర ఎందుకు చెప్పినావు నాయనా?"

"రైతు కాలిన మోటారు తెస్తే, తప్పు ఎవురిదో చెప్పకుండా ఏనాడూ పంపలేదు నేను. ఈ రోజెట్లా మూసిపెట్టేది?" అన్నాడు ఖాజా పీర్. బిడ్డ పక్క తిరిగి, "ఇంగ నీ పనిలో వేలు పెట్టనులే" అన్నాడు.

సిమ్రాన్ ఆయన చెయ్యి పట్టుకునింది.

"పెట్టు నాయనా. నేను ఊరికే బాగుండాది అనేస్తే మాత్రం, నిజంగా బాగుండాదా లేదా అని రెండోసారి అడుగు."