తలుపుల్లేని సమాధి

మా ఆయన విక్రాంత్‌ది జహీరాబాద్. పక్కనే ఉన్న బీదర్‌ను ఒకప్పుడు ఏలిన బరీద్ షాహీ సుల్తాన్లంటే ఆయనకు ప్రాణం. వాళ్ళ కథ మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోరు. చూస్తే అదొక చిన్న రాజ్యం. గోల్కొండకూ బీజాపూర్‌కూ మధ్య నలిగి నలిగి, చివరికి బీజాపూర్‌లో కలిసిపోయింది. ఆ మాట నేనంటే ఆయన చేసే కాఫీ ఆ పూటకు బంద్.

ఇక్కడ జర్మనీలోని గార్చింగ్‌లో నాలుగో క్లాసు చదివే మా రిషితకు బళ్ళో రెఫెరాట్ ఇచ్చారు. ఏదైనా రాజవంశం గురించి క్లాసు ముందు నిలబడి చెప్పాలి. పిల్లకు నలుగురిలో నోరు పెగలదు. ఆయనేమో అడగకుండానే బరీద్ షాహీలను ఖాయం చేసేశారు.

"పాపా, వాళ్ళది టూ స్మాల్. నీమాండ్ కెన్ట్ డీ," అంది రిషిత వాళ్ళ నాన్నతో. వాళ్ళెవరో ఎవరికీ తెలీదట. "అందరూ నవ్వుతారు."

"ఎవలు నవ్వుతరు బిడ్డా? మన సుల్తాన్లు ఎవలికి తక్కువ?"

ఇంక చూడండి. పిల్లల ప్రాజెక్టంటే తల్లిదండ్రులే చేయాలన్నది మనకు ఒంటబట్టిన అలవాటు కదా. హాల్లో థర్మకోల్‌తో బీదర్ కోట లేచింది. ఉపన్యాసమూ ఆయనే రాసేశారు. అందులో ఆ బుల్లి రాజ్యం మహా సామ్రాజ్యమైపోయింది. అది బట్టీ పట్టలేక పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది, ఇద్దరి మీదా జాలీ వేసింది.

రెఫెరాట్‌కు ముందురోజు కోటను మోసుకుని బడికి వెళ్ళాం. టీచర్ చూసి నవ్వింది.

"చాలా బాగుంది. దీనికి మంచి మార్కు మీకే వేస్తాను. రిషిత మాత్రం కాగితం చూడకుండా తన మాటల్లో చెప్పాలి," అంది.

కోట ఇంటికి తిరిగొచ్చింది. ఆయన సోఫాలో కూలబడ్డారు. రిషిత వెళ్ళి పక్కన చేరింది.

"పాపా, వాళ్ళంటే నీకెందుకంత ఇష్టం?"

"మా నాయిన పని మీద బీదర్ పోతే నన్ను గూడ బండి మీద తీస్కపోతుండె. ఆడ అలీ బరీద్ షా సమాధి ఉంటది. బతికున్నప్పుడే కట్టించుకున్నడు. నాలుగు దిక్కుల కమాన్లు, ఒక్క తలుపు లేదు. దాని పక్కన చెట్టు నీడకు కూసొని జొన్నరొట్టె తింటుంటిమి. మా నాయిన ఇంట్ల నోరిప్పేటోడు కాదు. ఆ సుల్తాన్ల కథలన్నీ ఆడనే చెప్పిండు."

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ సంగతి నాకే తెలీదు.

మర్నాడు ఆయన ఇంటి నుంచే పని అంటూ కిటికీ వదల్లేదు. రిషిత వచ్చి బ్యాగు పడేసింది.

"ఏమాయె బిడ్డా? నవ్విన్రా?"

"లేదు. చిన్న రాజ్యమని నేనే ముందు చెప్పేశా. తలుపుల్లేని సమాధి గురించి చెప్పా, తాత రొట్టె గురించి చెప్పా. ఇప్పుడు కూడా అక్కడ కూర్చుని తినొచ్చా అని అడిగారు."

"ఏం జెప్పినవ్?"

"యా, నటూర్లిష్! తప్పకుండా తినొచ్చన్నా. మా పాపా కథలు కూడా చెబుతాడన్నా. క్లాసందర్నీ బీదర్‌కు పిలిచేశా."

ఆయన వంటింట్లోకి వెళ్ళి జొన్నపిండి డబ్బా వెతకడం మొదలుపెట్టారు. ఆ పూట థర్మకోల్ కోట పక్కనే కూర్చుని ముగ్గురం రొట్టెలు తిన్నాం. కథ మాత్రం రిషితే చెప్పింది.