ఇల్లందు బస్టాండులో పాస్టరు గారి ఉపవాసం

మా ఆయన రూప్లా పాస్టరు ఆ ఏడాది ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసం పట్టాడు. పట్టినవాడు ఊరుకున్నాడా? చర్చి గుమ్మానికి తన ఫొటోతో బ్యానరు కట్టించాడు. "నీళ్లు తప్ప ఏమీ ముట్టని దైవజనుడు" అట! వద్దని నేను మొత్తుకుంటే వింటేగా. ఆయన్ని చూసి తండాలో సంఘమంతా ఉపవాసం మొదలుపెట్టింది.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం ఇల్లందు బస్టాండులో, మిర్చి బజ్జీల బండి దగ్గర, సంఘపెద్ద జైరాంకు దొరికిపోయాడు. నోట్లో ఒకటి, చేతిలో మూడు.

"అయ్యగారూ, గిదేంది?" అని అడిగితే మా మహానుభావుడు ఏమన్నాడో తెలుసా?

"వేడిగున్నయా లేవా అని చూస్తున్న."

పరువు గంగలో కలిసింది. ఆ రోజు నుంచి ఆయన గడప దాటలేదు. ఈస్టరు పొద్దున కూడా మంచం దిగనన్నాడు.

"ఇగ నేను చర్చికి పోను పుష్పా. ఏ మొఖం పెట్టుకొని వాక్యం చెప్పాలె? దుమ్ముగూడెం పోయి మా అన్నతోని ఎవుసం చేసుకుంట."

"పో. ఆడ గూడ బజ్జీల బండి ఉంటది," అన్నాను. అన్నానే గానీ నా గుండె కలుక్కుమంది. పదిహేనేళ్లుగా ఈ సంఘమే లోకంగా బతికిన మనిషి.

అప్పుడే మా సంఘంలోని సక్రి అవ్వ వచ్చింది. ఆమెకు షుగరు. గుమ్మంలోనే కూలబడి ఏడుపు అందుకుంది.

"అయ్యగారూ, నేను మూడో రోజు నుంచే చాటుగ తింటున్న. గోలీలు ఏసుకోవాలంటే తినాలె గద. మీకు చెప్పే ధైర్యం రాలే. దేవుడు నన్ను ఇడిసిపెట్టిండనుకున్న. మీరు గూడ తిన్నరని తెల్సినంక, నా అసుంటోళ్లకు గూడ జాగ ఉన్నదేమోనని వచ్చిన. ప్రార్థన చెయ్యిండ్రి."

మా ఆయన బిత్తరపోయాడు. మంచం దిగి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, నువ్వు పానం కోసం తిన్నవ్. నేను పేరు కోసం మాడిన. నువ్వే నా కోసం ప్రార్థన చెయ్యి."

ముసలమ్మ ఆయన నెత్తిన చెయ్యి పెట్టింది. "ప్రభువా, ఈ పిలగాడు మంచోడే. జర కడుపు నిండ తిననియ్యి. ఆమెన్."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇద్దరూ కలిసే చర్చికి వెళ్లారు. పేరు కోసమే మాడానని అందరి ముందు ఆయన ఒప్పుకున్నాడు. చాటుగా తిన్నవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడిగితే ముందుగా లేచిన చెయ్యి జైరాంది.

"ఆ దినం నేను గూడ బజ్జీలకే వచ్చిన అయ్యగారూ."

ఇక చేతులే చేతులు! చర్చి పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

ఆ పూట మా ఆయన వాక్యం చెప్పలేదు. ఈస్టరు విందుకు అందరినీ చాపల మీద కూర్చోబెట్టి, అన్నం గంప చంకన పెట్టుకుని ఒక్కొక్కరికీ వంగి వడ్డించాడు. పదిహేనేళ్ల సేవలో ఆయన ఎవరి ముందైనా వంగడం నేను చూడటం అదే మొదటిసారి.