ఇంట్లో ఉన్నవే

నిర్మలకూ ఆమె అత్త రుక్మిణమ్మకూ పొసగదన్న సంగతి వాడకట్టంతా ఎరిగిందే. కానీ ఆ కోపం పైకి తేలింది మాత్రం ఒక ఖాళీ ఊరగాయ సీసా దగ్గర.

శంషాబాద్ పాత ఊళ్లో ఇరుకు సందులో ఉంది వాళ్ల ఇల్లు. ముందు భాగంలో సురయ్యా కుటుంబం కిరాయికి ఉంటుంది. వెనక రెండు గదుల్లో నిర్మల, భర్త వీరేందర్, అత్త. వీరేందర్ ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. పొద్దున్నే వెళ్లాడంటే ఎప్పుడొస్తాడో విమానాలకే తెలియాలి. ఒక మధ్యాహ్నం నిర్మల ఫోన్లో వీడియో చూసింది. అందులో ఒకావిడ పాత సీసాకు సుతిలి తాడు చుట్టి, విరిగిన గాజులు అంటించి, మొక్క పెట్టే కుండీ చేసింది. కొత్తగా ఏదీ కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్నవే చాలు అంది. ఆ మాట నిర్మలకు బాగా నచ్చింది. ఒకరిని అడగకుండా చేసుకునే పని ఏదీ ఆ ఇంట్లో ఆమెకు అంతవరకూ దొరకలేదు.

సీసా కడిగి ఎండలో బోర్లించింది. లోపలికెళ్లి సుతిలి తెచ్చేసరికి సీసా రుక్మిణమ్మ ఒళ్లో ఉంది.

"ఎవల్నడిగి తీసినవే?"

"ఖాళీగ ఉండె అత్తమ్మా."

"ఖాళీగుంటే నీదైతదా?"

సుతిలి కూడా చేతిలోంచి లాక్కుంది. అప్పుడే నిర్మలకు అర్థమైంది, వీడియోలో ఆవిడ చెప్పని సంగతి. ఇంట్లో ఉన్న ప్రతిదానికీ ఒక హక్కుదారు ఉంటారు. పాత పేపర్లు రుక్మిణమ్మవి, అలమారలో పరవడానికి. చిరిగిన దుప్పటి రుక్మిణమ్మది, ఇల్లు తుడవడానికి. కొబ్బరి చిప్పలు రుక్మిణమ్మవి, పొయ్యిలోకి. పొలం ప్లాట్లయిపోయినప్పటి నుంచి ఆమె ఇంట్లోని గిన్నెనూ గుడ్డనూ గట్టు జరగనివ్వని రైతులా కాస్తోంది. భర్త బుచ్చయ్య పోయాక ఆ కాపలా ఇంకా గట్టిపడింది.

అందుకని నిర్మల ఎవరిదీ కాని చెత్త మీద పడింది. ప్రయాణికులు సూట్‌కేసులకు చుట్టించుకునే ప్లాస్టిక్ పొరను కొందరు క్యాబ్‌లోనే చింపి పారేసిపోతారు. వీరేందర్ దాన్ని ఇంటికి తెచ్చేవాడు. నిర్మల ఆ పొరను పట్టీలుగా కోసి, జడలల్లి, బుట్ట చేసింది. సురయ్యా అది చూసి ఉల్లిగడ్డలకని ఒకటి అడిగి చేయించుకుని, వాకిట్లో కొక్కేనికి తగిలించింది. ఆ దారిన పోయే ఆడవాళ్లు ఎక్కడ కొన్నావని ఆమెను అడిగేవాళ్లు.

"కొన్లేదు. వెనకింటి నిర్మల చేసింది. చేతుల మస్తు పనితనముంది ఆమెకు," అనేది సురయ్యా.

గోడకు అటువైపు మంచం మీద కూర్చున్న రుక్మిణమ్మకు ఆ మాటలన్నీ వినబడేవి.

తర్వాత నిర్మల పెళ్లిపత్రికల మీద పడింది. వాడకట్టులో అందరి దగ్గరా మూలన పడున్న పాత పత్రికలు అడిగి తెచ్చుకుంది. వాటిని సన్నగా కోసి, పుల్లకు చుట్టి, గంజితో అంటించి పూసలు చేసింది. వంటగదికీ ముందుగదికీ మధ్య తలుపు లేదు. అక్కడ ఆ పూసల తెర వేలాడదీయాలని ఆశ. వానాకాలమంతా ఆ పనే. బంగారు అంచు పూసలు ఒక వరుస, ఎర్రవి ఒక వరుస. ముప్పావు వంతు అయిపోయింది.

ఒక ఆదివారం మైలార్‌దేవ్‌పల్లిలో ఉన్న అక్క కళ్యాణిని చూడడానికి వెళ్లి, సాయంత్రం తిరిగొచ్చింది. పెరట్లో నీళ్ల పొయ్యి మండుతోంది. పొయ్యి ముందు పీట మీద రుక్మిణమ్మ కూర్చుని ఉంది. ఆమె పక్కన అట్టపెట్టె ఖాళీగా ఉంది. నిప్పుల్లో ఇంకా కొన్ని పూసలు ముడుచుకుంటున్నాయి.

"కట్టెలు తడిసినయి. కాయితాలే గదా," అంది రుక్మిణమ్మ, తల తిప్పకుండా.

నిర్మల ఖాళీ అట్టపెట్టె తీసుకుని లోపలికెళ్లింది. భర్త వచ్చాక చెప్పింది. వీరేందర్ అన్నం కలుపుకుంటూ, "మళ్ల చేసుకుంటవ్ తియ్. అమ్మతోని ఎందుకు లొల్లి," అన్నాడు. పూసలు కాలినప్పటికంటే ఆ మాటకే ఆమెకు ఎక్కువ మండింది.

బతుకమ్మ పండుగయ్యాక రుక్మిణమ్మ కందుకూరులో ఉన్న చెల్లెలు శివమ్మ ఇంటికి వెళ్లింది. ఆటో కదిలి సందు మలుపు తిరిగిందో లేదో నిర్మల కత్తెర తీసింది.

ముందుగదిలో తలుపు పక్కన రుక్మిణమ్మ నులక మంచం ఉంటుంది. బుచ్చయ్య తన చేత్తో అల్లిన మంచం. ఆమె తినడం, పడుకోవడం, వచ్చినవాళ్లను పలకరించడం, కోడలి రాకపోకల మీద కన్నేయడం, అన్నీ దాని మీది నుంచే. నిర్మల ఆ మంచాన్ని పక్కకు వాల్చింది. ముడులు విప్పితే నులక పొడుగ్గా, చెడకుండా వచ్చేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. విప్పలేదు. కోసింది. తెగిన ప్రతి పోగుకూ ప్రాణం చల్లబడింది. ఆ ముక్కల్ని గుండ్రంగా చుట్టి, దబ్బనంతో కుట్టి, కాళ్లు తుడుచుకునే పట్టా ఒకటి, వేడి గిన్నెలు దించుకునే చుట్టలు కొన్ని చేసింది. పట్టాను సరిగ్గా గడప ముందు వేసింది.

ఇది చూసి వీరేందర్ నెత్తి పట్టుకున్నాడు. "అమ్మకు ఏం జెప్తవ్?" అన్నాడు. నిర్మల ఒక చుట్ట తెచ్చి అతని ముందు వేసి, దాని మీద వేడి గిన్నె దించింది.

రుక్మిణమ్మ తిరిగొచ్చి, గడపలో పట్టా మీద కాళ్లు తుడుచుకుని, లోపల అడుగుపెట్టి ఆగిపోయింది. గోడకు ఆనించిన ఖాళీ చట్రం చూసింది. ఆ తర్వాత వంగి పట్టాను చూసింది.

"నా మంచం నులకేది?"

"ఇంట్లున్నదే గదా అత్తమ్మా. ఊకె పడున్నదని తీసిన."

కొట్టడానికి వస్తుందని నిర్మల అనుకుంది. దానికి సిద్ధంగానే నిలబడింది. రుక్మిణమ్మ సంచి కింద పెట్టి, కొంగు పరుచుకుని, నేల మీదే పడుకుంది. కొడుకు వచ్చి బతిమాలాడు, తన పరుపు మీద పడుకోమన్నాడు. "దాన్నేమనకు. నేను కిందనే పండుకుంట. ఊరంత జూడాలె," అంది.

ఊరు చూడలేదు గానీ నడుము పట్టేసింది. మర్నాడు లేవబోయి లేవలేకపోయింది. నిర్మల రెక్క పట్టుకోబోతే విదిలించింది.

"నన్ను ముట్టకు. సురయ్యాను పిలువు."

సురయ్యా వచ్చింది. ఒకవైపు తాను పట్టుకుని, రెండో వైపు నిర్మలను పట్టుకోమంది. రుక్మిణమ్మ కళ్లు మూసుకుని, ఆ రెండో చెయ్యి ఎవరిదో తెలియనట్టు లేచింది. దవాఖానలో డాక్టరు నేల మీద పడుకోవద్దన్నాడు. వీరేందర్ కొత్త మంచం కొంటానన్నాడు. అప్పుడు నోరు తెరిచింది ముసలామె.

"కొన్నది నాకొద్దు. నా మంచం ఎవలు పాడు చేసిన్రో వాళ్లే అల్లాలె. ఇంట్లున్నవాటితోనే అల్లాలె. పెద్ద పనిమంతురాలు గదా." కోడలి వైపు చూసి నెమ్మదిగా చెప్పింది. "నా బట్ట ఒక్కటి ముట్టినవో, చేతులిరుగుతయ్."

నిర్మల మొదట నులక ముక్కలన్నీ విప్పి చూసింది. జానెడు, మూరెడు. ముడేసి లాగితే ముడి దగ్గరే తెగుతున్నాయి. ఆ ఇంట్లో అత్త పేరు లేని బట్ట ఇంకేముందని వెతికితే తన బీరువా ఒక్కటే కనబడింది. అమ్మగారింటి నుంచి తెచ్చుకున్న చీరలున్నాయందులో. గంపెడు కోపంతో వాటిని ఎత్తుకొచ్చి, అత్త కూర్చున్న కుర్చీ ముందే కుప్ప పోసింది. ఆకుపచ్చ నూలు చీర అంచుకు కత్తెరతో గాటు పెట్టి, రెండు చేతులతో లాగింది. పర్రుమని కొస వరకూ చిరిగింది.

రుక్మిణమ్మ ముఖం ఒక్క క్షణం మారింది. కోడలు ఏడుస్తుందనో, కాళ్లు పట్టుకుంటుందనో ఆమె అనుకుంది. ఇది అనుకోలేదు. అయినా ఆపలేదు. నిర్మల కూడా ఆగలేదు. రెండో చీర, మూడో చీర. పెళ్లినాటి ఊదారంగు పట్టుచీర చేతికొచ్చినప్పుడు గుమ్మంలో నిలబడిన సురయ్యా ఉండబట్టలేకపోయింది.

"జర ఆగు నిర్మలా. పట్టుది వద్దు."

"ఇది గూడ ఇంట్లున్నదే గదక్కా," అంది నిర్మల. గాటు పెట్టేటప్పుడు కత్తెర ఒక్క క్షణం ఆగింది. అత్త అది చూసింది. చూసిందని నిర్మలకూ తెలిసింది. అందుకే ఇంకా గట్టిగా లాగింది.

పట్టీల కొసలు కిటికీ చువ్వకు కట్టి తాడు పేనింది. పట్టు జారుతోంది, నూలు మెలిపడుతోంది. చట్రం నేల మీద పరిచి అల్లడం మొదలుపెట్టింది. రుక్మిణమ్మ కుర్చీలోంచి కదలకుండా చూస్తూనే ఉంది.

"గట్ల గుంజితే రేపటికి గుంత పడ్తది."

నిర్మల విననట్టు అల్లుతూ పోయింది.

"గుంతల నన్ను పాతిపెట్టనీకేనా?"

నిర్మల అరచేత్తో నొక్కి చూసింది. నిజంగానే వదులుగా ఉంది. పళ్లు కొరుకుతూ సగం వరకూ విప్పేసింది. మళ్లీ అల్లింది. ఈసారి మూల దగ్గర తప్పింది. "కండ్లు లేవా?" అని అత్త అంటే, "నోరొక్కటే ఉన్నోళ్లకంటే నయం," అని కోడలంది. పెళ్లయిన నాలుగేళ్లలో అత్తను నిర్మల తిట్టడం అదే మొదటిసారి. రుక్మిణమ్మ నోరు మూసుకుంది గానీ కాలితో ఆ మూలను చూపించింది. అక్కడ తాడు కిందినుంచి రావాలి, పైనుంచి వచ్చింది. నిర్మల దాన్ని సరిచేసింది. అల్లిక అలా తిట్లతోనే చాలా రోజులు సాగింది. రాత్రిళ్లు రుక్మిణమ్మ ఆ కుర్చీలోనే కునుకు తీసేది. నిర్మల వేళ్లు కాయలు కాశాయి. వీరేందర్ ఇంటికొచ్చి, తిని, ఇద్దరి మధ్యనుంచి పిల్లిలా నడిచి వెళ్లిపోయేవాడు.

మంచం పూర్తయిన సాయంత్రం సురయ్యా కూడా చూడడానికి వచ్చింది. ఆకుపచ్చ, పసుపు, ఊదా కలగలిసి, అక్కడక్కడ జరీ మెరుస్తోంది. రుక్మిణమ్మ సురయ్యా భుజం పట్టుకుని లేచి, మంచం మీద మెల్లగా కూర్చుంది. ఒత్తి చూసింది. పడుకుంది.

"జరి గుచ్చుకుంటున్నది," అంది.

"గుచ్చుకోని," అంది నిర్మల, కింద పడిన పోగులు ఊడుస్తూ.

రుక్మిణమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. లేవలేదు.

ఇప్పటికీ ఆ ఇద్దరి మధ్య పొయ్యి మీది పాల గురించీ తలుపు గొళ్లెం గురించీ తప్ప మాటల్లేవు. ఇంటికొచ్చినవాళ్లు మంచాన్ని చూసి బాగుందంటే, "మంచిగేముంది, నా మొగడు అల్లిన నులకను కోసి పారేసింది, పిచ్చిది," అని రుక్మిణమ్మ మొదటినుంచీ చెబుతుంది. ఆ కథలో పెళ్లిపత్రికల పూసలు కాల్చిన పొయ్యి ఉండదు. కానీ వింటున్నవాళ్లు మంచం మీద కూర్చోబోతే మాత్రం కుర్చీ చూపిస్తుంది. నిర్మల వంటగదిలోంచి అదంతా వింటుంది. మామిడిపల్లిలో చుట్టాల పెళ్లికి కట్టుకోవడానికి ఆమెకు సరైన చీర లేకపోతే అక్క దగ్గర ఒకటి తెచ్చుకుంది. అది ఎవరి చీరని అత్త అడగలేదు.