క్లారినెట్ వేలంపాట

విడవలూరు పెళ్లి ఊరేగింపులో దరియావలి క్లారినెట్ గొంతు చీలిపోయింది. పాట పై స్థాయికి ఎక్కాల్సిన చోట కీచుమని అరిచింది. పెళ్లికొడుకు స్నేహితులు నవ్వారు. పక్కన డ్రమ్ము వాయిస్తున్న పెంచలప్రసాద్ దరువు హెచ్చించి ఆ అరుపును తన మోతలో ముంచేశాడు. అల్లూరు బ్యాండు మేళంలో వాళ్లిద్దరిదీ ఇరవై ఏళ్ల జత. దరియావలి ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో పెంచలప్రసాద్‌కు తెలుసు. ఆ సందులో ఒక దెబ్బ ఎక్కువ వేసి ఖాళీ తెలియకుండా కప్పేసేవాడు.

క్లారినెట్‌కు అతుకు దగ్గర బీట పడి కొన్ని నెలలైంది. మైనం పూసి, దారం చుట్టి నెట్టుకొస్తున్నాడు. ఇక అది పనికిరాదని ఆ రోజు తేలిపోయింది. కర్రతో చేసిన కొత్త వాయిద్యం కొనడం అతని వల్ల అయ్యే పని కాదు.

కూతురు తబస్సుమ్ రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తుంది. పాత వస్తువులను వేలం వేసే ఒక సైటులో ఆ అమ్మాయికి ఒక క్లారినెట్ కనబడింది. నల్లకర్ర, వెండిలా మెరిసే మీటలు, నీలం మఖమలు పరిచిన పెట్టె. దరియావలి ఆ ఫొటోను పెద్దది చేసి, చిన్నది చేసి, అన్నం చల్లారేదాకా చూశాడు.

"తొందరపడొద్దు నాయనా," అంది తబస్సుమ్. "ఈ అమ్మేవాడి ఖాతా కొత్తది. ఇంతకుముందు ఇతని దగ్గర కొన్నోళ్లు ఒక్కరు కూడా మంచీ చెడ్డా రాయలేదు. వీడియో కాల్‌లో వాయించి చూపించమందాం. చూపిస్తేనే పాట పాడదాం."

"పెంచలుణ్ణి పిలుస్తా. ఫోను సంగతులు వాడికి బాగా తెలుసు."

పెంచలప్రసాద్ వచ్చి ఫోను తీసుకున్నాడు. తెర వంక ఒకసారి చూసి పక్కన పెట్టేశాడు.

"ఏందిరా, బాగలేదా?"

"బాగుందన్నా. పాతది గదా, ఎట్టుంటాదో ఏమో."

"నువ్వే మాట్లాడి చూడు. మనిషి ఎట్టాంటోడో నీకు తెలిసిపోతాది."

సైటులో ఉన్న నంబరు తన ఫోనులోకి ఎక్కించుకుని పెంచలప్రసాద్ వసారాలోకి వెళ్లాడు. తిరిగొచ్చి, "మద్రాసులో ఉండే పెద్దాయనంట," అన్నాడు. "రైల్వేలో చేసి రిటైరైనాడంట. చేతులు వణుకుతుండాయని అమ్మేస్తుండాడు. మంచోడుగానే ఉండాడన్నా."

"వీడియోలో చూపిస్తాడంటనా చిన్నాయనా?" అని అడిగింది తబస్సుమ్.

"చేతులు వణికే మనిషిని వాయించి చూపించమంటే ఏం బాగుంటాదమ్మా?"

దరియావలికి ఆ మాట సబబుగానే తోచింది.

వేలం ముగిసే రోజు సాయంత్రం ముగ్గురూ ఫోను ముందు కూర్చున్నారు. వేరే ఎవరో పోటీగా పాడుతున్నారు. ధర పెరిగినప్పుడల్లా దరియావలి ఇంకాస్త పాడమనేవాడు. పెంచలప్రసాద్ ఒకసారి మాత్రం నెమ్మదిగా, "చాల్లే అన్నా. ధర ఎక్కువైపోతుండాది, వదిలెయ్," అన్నాడు.

"వదిలేస్తే ఎట్టరా? నా క్లారినెట్ అరుపుని నీ డ్రమ్ముతో ఎన్నాళ్లని దాస్తావు?"

పెంచలప్రసాద్ మళ్లీ అడ్డు చెప్పలేదు. పాట దరియావలికే దక్కింది. కాసేపటికి అమ్మేవాడి నుంచి మెసేజి వచ్చింది. సైటు ద్వారా కడితే కమీషన్ పోతుంది, నేరుగా తన ఖాతాకు పంపమన్నాడు. అలా కట్టవద్దని తబస్సుమ్ గట్టిగా పోట్లాడింది. సైటు బయట కడితే తర్వాత అడిగే దిక్కుండదని చెప్పింది. దరియావలి కూతురి వైపు చూడలేదు. పెంచలప్రసాద్ వైపు చూశాడు.

"నేను మాట్లాడినా గదన్నా," అన్నాడు పెంచలప్రసాద్.

దరియావలి డబ్బు పంపించాడు. పెళ్లిళ్ల కాలమంతా ఊది కూడబెట్టింది అదే.

పార్శిల్ వచ్చిన రోజు పెంచలప్రసాద్ కూడా ఉన్నాడు. అట్టపెట్టె లోపల పాత తమిళ పేపర్లు, వాటి మధ్య తిరునాళ్లలో పిల్లలకు అమ్మే ప్లాస్టిక్ సన్నాయి. దరియావలి పేపర్లన్నీ ఒక్కొక్కటే విప్పి దులిపాడు, అంత పెద్ద వస్తువు ఎక్కడో మడతలో ఉంటుందన్నట్టు. అమ్మినవాడి ఫోను పలకలేదు. పెంచలప్రసాద్ తల పట్టుకుని, "మోసపోయినామన్నా," అన్నాడు. ఆ మద్రాసు వాడిని నోటికొచ్చినట్టు తిట్టాడు. దరియావలే అతని భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేముందిరా, నువ్వు కనిపెడతావా?" అని ఓదార్చాడు.

తబస్సుమ్ సైబర్ పోలీసుల నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించింది. సైటు వాళ్లు మాత్రం, బయట కట్టిన డబ్బుకు తమకు సంబంధం లేదన్నారు. ఇంకొకరు పడకుండా ఉండాలని ఆ అమ్మాయి జరిగినదంతా సైటులోనే అందరికీ కనబడేలా రాసి, కింద తన నంబరు పెట్టింది.

అది చదివి కొడవలూరు నుంచి క్రీస్తుదాసు అనే ఆయన ఫోన్ చేశాడు. చర్చిలో పాటలకు వాయిస్తాడట. ఆయన కూడా ఇదే ఫొటో చూసి, ఇలాగే కట్టాడు.

"నేను జాగ్రత్తగానే ఉన్నానమ్మా," అన్నాడు. "వాయించి చూపించమన్నా. వీడియో పంపించినాడు. మొహం లేదు, చేతులు, క్లారినెట్ మాత్రం కనబడతాయి. ఆ వాయింపు విన్నాక ఇంక అనుమానం రాలేదు. అట్టా వాయించేవాడు మోసం చేస్తాడా అనుకున్నా. మీకు కూడా పంపిస్తా, ఫిర్యాదులో పెట్టుకోండి."

తబస్సుమ్ వీడియో నడిపింది. పక్క గదిలో నమాజు ముగించి చాప చుడుతున్న దరియావలి ఆ పాట విని బయటికొచ్చాడు.

"ఇది నీకెక్కడిది?"

"మోసపోయిన ఇంకొకాయన పంపించినాడు. ఆ దొంగోడు వాయించి పంపిన వీడియో ఇది."

దరియావలి ఫోను దగ్గరికి తీసుకున్నాడు. ఎడమ చేతికి కసుమూరు దర్గా దగ్గర కొన్న రాగి ఉంగరం. తను ఊదుతున్న పాత క్లారినెట్, ఇంకా బీట పడకముందు. చేతుల వెనక నీలం రంగు నీళ్ల ట్యాంకు. అది పెంచలప్రసాద్ మిద్దె. కిందటి వేసవిలో కూర్చుని కబుర్లాడుతుండగా, "కాసేపు వాయించన్నా, ఫోనులో దాచుకుంటా. నువ్వు ఊళ్లో లేనప్పుడు వింటా," అన్నాడు వాడు. అడిగినందుకు ఎంత సంతోషమేసిందో, ఆ పాటను అంత బాగా వాయించాడు. ఆ రోజు మిద్దె మీద వాళ్లిద్దరే ఉన్నారు.

"నాయనా, ఇది నువ్వు," అంది తబస్సుమ్.

అతను తల ఊపాడు. ముందుగా క్రీస్తుదాసుకే ఫోన్ కలపమన్నాడు.

"అయ్యా, ఆ వీడియోలో వాయించేది నేనే. నా స్నేహితుడు తీసినాడు. అది ఇట్టా వాడినారని నాకు తెలవదు."

క్రీస్తుదాసు, "మీరూ మోసపోయినామని రాసినారు గదండీ. మరి ఈ వాయింపు మీదంటుండారు. నేను దేన్ని నమ్మాలి?" అన్నాడు. దరియావలి ఫోను తీసుకుని చెప్పులు వేసుకున్నాడు.

పెంచలప్రసాద్ ఇంటికి వెళ్లేసరికి అతని భార్య ఉషారాణి ఎప్పటిలాగే, "రా అన్నా, టీ పెడతా," అంది. వద్దని చెప్పి దరియావలి నేరుగా లోపలికి వెళ్లాడు. మంచం మీద కూర్చున్న పెంచలప్రసాద్ ముందు ఫోను పెట్టి వీడియో నడిపాడు. పెంచలప్రసాద్ మొదటి వరస కూడా పూర్తిగా వినలేదు. చెయ్యి చాపి ఆపేశాడు.

"మద్రాసులో ఒకడుండాడన్నా. సైట్లో పెట్టేది, డబ్బు తీసుకునేది వాడు. మనుషులు నమ్మేలాగా వీడియోలు, మాటలు ఇచ్చేది నేను. నాకు కొంచెం పంపిస్తాడు."

"ఫొటో చూడంగానే తెలుసా నీకు?"

"తెలుసు."

"వసారాలోకి పోయి మాట్లాడొచ్చినావే?"

"ఎవరితోనూ మాట్లాడలేదు."

గుమ్మంలో ఉషారాణి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆమెకు ఇదే మొదటిసారి తెలియడమని మొహం చూస్తే అర్థమైంది.

"నేను వద్దన్నా గదన్నా," అన్నాడు పెంచలప్రసాద్. "వదిలెయ్యమని చెప్పినా."

"ధర ఎక్కువని వదిలెయ్యమన్నావు. దొంగదని చెప్పలేదు."

"నీకెట్టా తెలుసని అడుగుతావు. ఏమని చెప్పేది?"

"ఏదో ఒకటి చెప్పుంటే పోయేది. తెలిసినోడొకడు దీంట్లో పడినాడని చెప్పినా నమ్ముదును. నువ్వు ఏం చెప్పినా నమ్ముతా గదరా." దరియావలి గొంతు పెరగలేదు. "డబ్బులు కావాలని అడిగుంటే ఇచ్చుందును. పేపర్లు విప్పుతా ఉంటే పక్కన కూర్చుని చూసినావు. మోసపోయినామన్నావు. నీ భుజం పట్టుకుని నేను నీకు ధైర్యం చెప్పినా."

పెంచలప్రసాద్ తల ఎత్తలేదు. డబ్బు ఎలాగైనా తెచ్చిస్తానని, పోలీసుల దాకా పోవద్దని బతిమాలాడు.

"నా ఒక్కడిదే అయితే పోనిచ్చుందును," అన్నాడు దరియావలి. "నా పాట విని ఎంతమంది కట్టినారో నాకు తెలవదు. వాళ్లందరి లెక్కలో దొంగని నేనే."

మర్నాడు కూతురితో కలిసి వెళ్లి పేరుతో సహా ఫిర్యాదు ఇచ్చాడు.

నెల్లూరులో పోలీసులు దరియావలిని, పెంచలప్రసాద్‌ను ఒకేసారి పిలిపించారు. క్రీస్తుదాసు కూడా వచ్చి దూరంగా కూర్చున్నాడు. ఎస్సై వీడియో చూపించి, "ఈ చేతులెవరివి?" అని అడిగాడు.

"నావే సార్."

"ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఒకే మేళం. అతను తీశాడు, మీరు వాయించారు. వాటా తేడా వచ్చి ఫిర్యాదు ఇచ్చారా?"

దరియావలి పెంచలప్రసాద్ వైపు తిరిగాడు. చెప్పగలిగినవాడు వాడొక్కడే. పెంచలప్రసాద్ బల్ల అంచు మీద గోరుతో గీస్తున్నాడు. ఎస్సై రెండోసారి అడిగాడు. అప్పుడు కూడా పలకలేదు. వేలం నాడు ఈ మౌనమే తన పక్కన కూర్చుని ఉందని దరియావలికి అప్పుడు తెలిసింది.

"మాట్లాడు," అని ఎస్సై గద్దించాక పెంచలప్రసాద్ నోరు విప్పాడు. "ఆయనకేం తెలవదు సార్. వాయించమంటే వాయించినాడు. అంతే."

ఆ మాట రాసుకుని సంతకాలు తీసుకున్నారు. మద్రాసు వాడి ఖాతాలో మిగిలిన కాస్త సొమ్మును బ్యాంకు ఆపిందని, కోర్టు ద్వారా ఎప్పుడో వస్తుందని చెప్పారు. పెంచలప్రసాద్‌కు నోటీసు ఇచ్చి, పిలిచినప్పుడల్లా రావాలని చెప్పి పంపారు. బయట క్రీస్తుదాసు దరియావలి దగ్గరికి వచ్చి, "నన్ను క్షమించండి, తప్పుగా మాట్లాడినా," అన్నాడు. ఈసారి ఏదైనా కొంటే ఇద్దరం నెల్లూరు అంగడికే పోయి, చేత్తో పట్టుకుని ఊది చూసి కొందామన్నాడు. దరియావలి సరేనన్నాడు కానీ, ఆ మాట మనసుకు ఎక్కలేదు.

అల్లూరు బస్సు కిటకిటలాడుతోంది. ముందే ఎక్కిన పెంచలప్రసాద్‌కు కిటికీ పక్క సీటు దొరికింది. దరియావలిని చూసి పక్కకు జరిగి చోటు చేశాడు. అరచేత్తో సీటు తుడిచాడు కూడా.

దరియావలి పైకమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. దారిలో చాలామంది దిగిపోయారు. చాలా సీట్లు ఖాళీ అయ్యాయి. కండక్టర్ రెండుసార్లు, "కూర్చో పెద్దాయనా," అన్నాడు. అల్లూరు వచ్చేదాకా అతను నిలబడే ఉన్నాడు.