మేడ మీద సగ్గుబియ్యం వడియాలు

చెరకుతోటల ఊరు పల్సానాకు కాపురానికి వచ్చాక ఊర్మిళ ఏనాడూ వడియాలు పెట్టలేదు. పెట్టి ఏం లాభం? కోతకు ముందు చెరకుతోటకు నిప్పంటిస్తే నల్లటి బూడిద ఇళ్ళ మీద కురుస్తుంది. అత్త లచ్చవ్వ ఆయాసంతో మంచం పడుతుంది. పోయినేడు ఊర్మిళ ఆ బూడిదను చేటకెత్తి, పక్క చేను రైతు ధన్సుఖ్‌భాయ్ వాకిట్లో కుమ్మరించి వచ్చింది.

ఈ ఏడు అతను దిగొచ్చాడు. తోట కాల్చకుండా పచ్చి చెరకే కోయిస్తానన్నాడు. ఆకు చేతులు కోస్తుందని మొరాయించిన కోతవాళ్ళకు చేతితొడుగులు, ఎక్కువ కూలి ఇచ్చాడు. ఎండుటాకులో సగం నేలకు కప్పుతాడట, సగం బొగ్గుకు బదులు మిల్లు బాయిలర్‌కు పంపుతాడట. ఆ మాట నమ్మి ఊర్మిళ పొద్దున్నే మేడ మీద తెల్లచీర పరిచి వడియాలు పెట్టింది.

మధ్యాహ్నం తను పనిచేసే మగ్గాల షెడ్డులోంచి చూస్తే చేను మీద బూడిదరంగు మబ్బు!

"వీని నోట్ల మన్నువడ! మల్ల అంటువెట్టిండు!"

ఊర్మిళ మగ్గం ఆపి ఇంటికి ఉరికింది. అత్త మంచం ఖాళీగా ఉంది. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కింది.

చేలో మంట లేదు. ఓ ఎర్రటి యంత్రం ఎండుటాకును మింగుతూ గుండ్రటి మోపులు కక్కుతోంది. లేచింది దుమ్ము మాత్రమే.

వడియాల పక్కన కర్ర పట్టుకుని లచ్చవ్వ దర్జాగా కూర్చుంది.

"గట్ల ఉరుకుతవేందే? కాకులను నేను జూస్త గని, నువ్వు వొయ్యి మగ్గం జూస్కో!"

ముసలామె ఆ మాట ఊపిరి కోసం ఎక్కడా ఆగకుండా అంది. ఆయాసపడుతున్నది ఊర్మిళే.