చంపినవాళ్ళు లేని బొమ్మలు

తన అమ్మమ్మ ప్రాణాలతో బయటపడ్డ ఊచకోతను మనవరాలు ఏళ్ళ తరబడి కూర్చుని బొమ్మల పుస్తకంగా గీసింది. ప్రచురణకర్త పేజీలు తిప్పి కళ్ళొత్తుకున్నాడు.

“గుండె పిండేశావమ్మా! ఒక్కటే ఇబ్బంది. ఈ సైనికుల్ని తీసెయ్. వాళ్ళ పిల్లలు కూడా పుస్తకాలు కొంటారు కదా, నొచ్చుకుంటారు.”

“మరి వీళ్ళని ఎవరు చంపినట్టండీ?”

“అది పాఠకుల ఊహకి వదిలేద్దాం. కళంటే అదే!”

పుస్తకం వస్తే చాలనుకుని ఆమె తలూపింది. తుపాకులు, టోపీలు, బూట్లు అన్నీ చెరిపేసింది. ఆయన మురిసిపోయి, “ఇప్పుడు సమతూకం కుదిరింది” అన్నాడు.

అచ్చుకు వెళ్ళేముందు ఆ పేజీలను అమ్మమ్మకు చూపించింది. వీధి నిండా పడి ఉన్న జనాన్ని ఆవిడ చాలాసేపు చూసింది.

“ఏమే, మావాళ్ళంతా అరటితొక్క మీద కాలేసి జారిపడి చచ్చారా?”

మనవరాలి ముఖం మాడిపోయింది. వెంటనే ప్రచురణకర్తకు ఫోన్ చేసి, పుస్తకం ఇవ్వనని చెప్పేసింది. “పోనీ, బూట్లు ఉంచుకో తల్లీ” అని ఆయన బేరానికి దిగుతుంటే ఫోన్ పెట్టేసి, పెన్సిల్ చెక్కుకుని అమ్మమ్మ పక్కన కూర్చుంది.

“సైనికులు ఎలా ఉండేవాళ్ళో చెప్పు అమ్మమ్మా.”

“ముందు మా దర్జీని గియ్యి. వాళ్ళకి మా గుమ్మాలు చూపించింది వాడే. నా పెళ్ళిబట్టలు కుట్టిందీ వాడే. నవ్వుమొహం వెధవ.”